తువ్వాలు కింది బేరం

నా చిన్నప్పుడు ఆదోని పత్తి బజారులో ధర ఎవరూ పైకి పలికేవాళ్ళు కాదు. కొనేవాడూ అమ్మేవాడూ చేతులు కలిపి, మీద ఒక తువ్వాలు కప్పుకుని, దాని కింద వేళ్ళు నొక్కి బేరం తేల్చుకునేవాళ్ళు. పక్కన నిలబడినవాడికి కూడా ఎంతకు తెగిందో తెలిసేది కాదు. ఆ తువ్వాలు గుర్తుకొస్తే ఇంత వయసులోనూ నాకు ఒళ్ళు మండుతుంది.

మా తాతయ్య కచ్ నుంచి పొట్ట చేత పట్టుకుని వచ్చిన మనిషి. రైలు దిగినప్పుడు ఆయనకు ఒక్క ముక్క తెలుగు రాదట. వేళ్ళతో బేరానికి భాష అక్కర్లేదు కాబట్టి, ఆ తువ్వాలు కిందే ఆయన వ్యాపారం మొదలైంది. నేను పుట్టేనాటికి ఆయన మాట అచ్చం ఆదోని మాట, తిండి జొన్నరొట్టె. అయినా బజారు దృష్టిలో ఆయన బయటివాడే.

ఆరోజు నేను అంగట్లో తాతయ్య పక్కనే కూర్చుని ఉన్నాను. ఆస్పరి దిక్కు నుంచి ఒకామె బండిలో పత్తి తెచ్చింది. మొగుడు పోయి ఏడాది కాలేదు, ఇంటిల్లిపాదికీ ఆ పత్తే ఆధారం. పరాయి ఆడమనిషి చెయ్యి పట్టుకోకూడదు గనక ఆమె తరఫున ఒక దళారి తువ్వాలు కింద తాతయ్యకు చెయ్యి చాచాడు. తన పంట ఎంతకు పోతోందో తెలియక ఆమె వాళ్ళ ముఖాలు చూస్తూ నిలబడింది. దానికి మర్యాద అని పేరు. ఆమెకు చెప్పాల్సిన ధర ఒకటి, అసలు ధర ఒకటి, మిగిలింది మనిద్దరం పంచుకుందామని దళారి వేళ్ళతోనే సైగ చేశాడట.

తాతయ్య తువ్వాలు గుంజి పారేశాడు. బజారంతా వినపడేలా ధర చెప్పి, "సాలదనిపిస్తే సెప్పు తల్లీ, అడిగే నోరు నీకూ ఉంది" అన్నాడు.

వర్తకులంతా పోగయ్యారు. ఒకరికి పైకి చెబితే రేపు అందరూ అడుగుతారని వాళ్ళ భయం. అరిచింది మాత్రం ఆచారం చెడిపోయిందని. దళారి ముందుకొచ్చి, "మా ఊరి పద్ధతి నీకేం తెలుసు సేటూ? ఇష్టం లేకుంటే మీ దేశం పో" అన్నాడు.

తాతయ్య ముఖం ఎర్రబడింది, గొంతు మాత్రం పెంచలేదు. "ఈ తువ్వాలు నాకు అన్నం పెట్టింది. నాకు మాట రానప్పుడు దీని కిందే బతికినాను. మాట వచ్చిన మనిషి గొంతు దీని కింద కోస్తాంటే సూస్తా కూకోను. యాడికి పొమ్మంటావప్పా? నా ఊరు ఇదే."

ఆమె తాతయ్య వైపు తిరిగి, ఇంకొంచెం వెయ్యమని గట్టిగానే అడిగింది. తాతయ్య వేశాడు.

ఆ ఏడాది దళారులు ఒక్క బండిని కూడా మా అంగడి వైపు తిరగనివ్వలేదు. గోదాము ఖాళీగా పడి ఉంది. మా ఇంట్లో నెయ్యి మానేశారు. మమ్మల్ని అట్లా మాడ్చిన పెద్దమనుషులు ఊళ్ళో దండం పెట్టించుకుంటూనే తిరిగారు. వాళ్ళను నేను ఈనాటికీ క్షమించలేదు, క్షమించే ఉద్దేశమూ లేదు. ఆ తువ్వాలును మా అమ్మ వంటింట్లో మసిగుడ్డ చేసింది.

మొన్న ఆసుపత్రిలో డాక్టరు నా పరీక్షలన్నీ చూసి, నా కొడుకును పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు. "తువ్వాలు తియ్యప్పా" అన్నాను. పాపం, ఆయనకేమీ అర్థం కాలేదు. నా కొడుక్కి అర్థమైంది. వచ్చి నా పక్కన కూర్చుని, ఇద్దరికీ వినపడేలా చెప్పమన్నాడు.