గౌస్ భాయ్ కోత బల్ల

మొన్న మదనపల్లె బస్టాండు దగ్గర ఆటో ఎక్కాను. డ్రైవరు ఇంకో ఇద్దరి కోసం కాచుకుని, ఊరికే కూర్చోలేక హ్యాండిలు అటూ ఇటూ తిప్పుతున్నాడు. తిప్పిన ప్రతిసారీ లోపలెక్కడో ‘టక్’మని చిన్న చప్పుడు. పక్కనున్నామె ఫోనులో టమోటా ధర గురించి గట్టిగా మాట్లాడుతోంది, బస్సుల హారన్లు చెవులకు చిల్లులు పొడుస్తున్నాయి, అయినా నాకు ఆ ఒక్క చప్పుడే వినిపించింది. “హ్యాండిల్లో లూజు ఉంది నాయనా, చూపించుకో” అన్నాను. అతను అద్దంలోంచి నన్ను ఎగాదిగా చూశాడు. చీర కట్టుకుని సంచీ ఒళ్ళో పెట్టుకున్న నడివయసు మనిషి చెప్పే మాట కాదు మరి. నిజానికి అది నా మాట కూడా కాదు. పుంగనూరులో గేట్ల షాపు నడిపిన గౌస్ భాయ్ నా చెవిలో వేసి పోయిన మాట.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేత్తో పట్టుకుని ఉద్యోగం దొరక్క, పుంగనూరులో ఒక కంప్యూటర్ సెంటరులో పాఠాలు చెప్పేదాన్ని. పక్క షాపే గౌస్ భాయ్‌ది. ఆయన మెత్తటి మనిషేమీ కాదు. నోరు పెద్దది, గర్వం అంతకంటే పెద్దది. ఇనుప ప్లేటు మీద సుద్దతో తీగ గీసి, గ్యాసు టార్చి పట్టుకుని, చేతి వాటంతోనే ఆకులూ పువ్వులూ కోసేవాడు. ఆ పని కోసం రామసముద్రం నుంచీ కుప్పం నుంచీ జనం వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. తను చేసిన గేటు ఏ వీధిలో కనబడినా సరే, ఆగి, ముందుకు తోసి, మళ్ళీ వెనక్కి లాగి చూసిగానీ కదిలేవాడు కాదు. ఇంటివాళ్ళు దొంగేమోనని బయటికి వచ్చిన సందర్భాలు కూడా ఉన్నాయి.

ఒక మధ్యాహ్నం పనివాళ్ళను టీకి పంపించి నన్ను పిలిచాడు. షట్టరు సగానికి దించి కుడిచెయ్యి నా ముందు చాపాడు. వేళ్ళు వణుకుతున్నాయి. మదనపల్లె డాక్టరు నరాల జబ్బన్నాడట, మందులు మింగినా తగ్గలేదట, ఇంట్లో కూడా చెప్పలేదట. కుప్పంలో ముత్తుస్వామి అనే గ్రానైటు వ్యాపారి కొత్త ఇంటికి అప్పటికే గేటు ఒప్పుకుని ఉన్నాడు. ఒకే తీగ ఎడమ రెక్కలో మొదలై కుడి రెక్కలోకి పాకాలి, గేటు మూస్తే ఎక్కడ తెగిందో తెలియకూడదు. గృహప్రవేశానికి ముహూర్తం కూడా పెట్టేశారు.

“నీ కంప్యూటరు పెన్ను పట్టుకోని బొమ్మలు గీస్తాండాదే, టార్చి పట్టుకోలేదా?” అని అడిగాడు. పిల్లలకు చూపించడానికి పాత ప్రింటరు మోటార్లతో నేను చేసిన ఆటబొమ్మను ఆయన ఎప్పుడో కిటికీలోంచి చూశాడన్న మాట. నవ్వబోయి, ఆయన ముఖం చూసి ఊరుకున్నాను. ఆ గేటు చెడితే గౌస్ చెయ్యి పోయిందని ఊరూరా తెలిసిపోతుంది. ఆ తర్వాత ఆయనకు మిగిలేది కిటికీ గ్రిల్లుల అతుకులే. ఆ బతుకు ఆయన బతకలేడని నాకు తెలుసు, భయం కూడా వేసింది.

ఆయన ఇంటి వెనక రేకుల షెడ్డులో, కంప్యూటరు చెప్పిన గీత మీద టార్చిని నడిపించే బల్ల ఒకటి మొదలుపెట్టాం. మోటార్లు బెంగుళూరు పాత సామాన్ల బజారులో దొరికాయి. చిక్కంతా ఒక్కచోటే వచ్చింది. మోటారు గిర్రున తిరుగుతుంది, టార్చి మాత్రం తిన్నగా నడవాలి. తిరుగుడును నడకగా మార్చేదేమిటి? మరలున్న పొడుగాటి స్క్రూ రాడ్డు అన్నాను నేను, పుస్తకం పట్టుకుని ధీమాగా. బల్ల పొడుగునా బిగించాం. మెల్లగా తిప్పితే బాగానే ఉంది, వేగం పెంచేసరికి నడుమ వంగి బల్లను కొట్టడం మొదలుపెట్టింది. “పామును ఆడిస్తాండావా అమ్మా?” అన్నాడు గౌస్ భాయ్. తర్వాత ఆయన వంతు. మోపెడ్ చైను వేద్దాం, తెగితే పుంగనూరులోనే దొరుకుతాదన్నాడు. ఆ మాట నాకూ సబబుగానే తోచింది. టార్చికి బదులు సుద్దముక్క కట్టి గుండ్రం గీయించాం. గుండ్రం నాలుగు చోట్ల నొక్కినట్టు వచ్చింది, చివర మొదలుతో కలవలేదు. నేను ప్రోగ్రాములో తప్పు వెతకసాగాను. ఆయన స్క్రీను వైపు కూడా చూడకుండా చైనును ముందుకు తోసి వెనక్కి లాగాడు. టక్.

“పోయేటప్పుడు ఏదైనా బాగానే పోతాదమ్మా. తిరుక్కోని వచ్చేటప్పుడు సూడాల.”

ఇంతలో ముత్తుస్వామి బావమరిదిని వెంటబెట్టుకుని షాపుకు దిగాడు. గౌస్ చేతి పని వాడికి కళ్ళారా చూపించాలట, ఒక్క ఆకైనా కోసి చూపించమన్నాడు. గౌస్ భాయ్ వణికే చెయ్యి వెనక్కి పెట్టుకుని, దర్జీ దగ్గర ఇట్లాగే నిలబడి గుడ్డలు కుట్టించుకుంటారా అని కసిరి, ముహూర్తానికి గేటు వస్తుందని చెప్పి ఇద్దర్నీ పంపించేశాడు. వాళ్ళు పోయాక చూస్తే ఆయన పిడికిట్లో సుద్ద పొడి అయిపోయి ఉంది.

చివరికి పళ్ళ పట్టీ తెచ్చాం. బల్ల పొడుగునా పళ్ళున్న ఇనుప పట్టీ, దాని మీద మోటారుకు తగిలించిన చిన్న పళ్ళ చక్రం. వంగదు, సాగదు. నా ప్రాణం కుదుటపడింది. గౌస్ భాయ్ చక్రాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. “దీంట్లోనూ ఆ లూజు ఉండాది” అన్నాడు. పళ్ళు తిరగాలంటే కాస్త సందు ఉండాల్సిందే, దగ్గరికి బిగిస్తే పట్టేస్తుంది, ఇంతకంటే మార్గం లేదని గట్టిగానే చెప్పాను. ఏడుపు కూడా వచ్చింది. ఆయన మూల పడి ఉన్న పాత గేటు వైపు చూసి, లేచి దాని మడత బందు ఒకటి ఊడదీశాడు. మోటారును ఆ బందు మీద తలుపులా వేలాడదీసి, మోపెడ్ స్టాండు స్ప్రింగు ఒకటి తగిలించాడు. తలుపు దానంతటది మూసుకోవాలంటే ఏం చేస్తామో అదే చేశాడు. ఇప్పుడు చక్రం ఎటు తిరిగినా పళ్ళలోకి ఒత్తుకునే ఉంది. తోశాడు, లాగాడు. చప్పుడు లేదు. గుండ్రం గీయిస్తే గీత ఎక్కడ మొదలైందో మాకే తెలియలేదు.

ప్లేటు కోసే రోజు వచ్చింది. ఆయన రెండు చేతులతో టార్చి వెలిగించాడు, నేను కీ నొక్కాను. తీగ మలుపు తిరిగిన ప్రతిచోటా ‘టక్’మని వినపడుతుందేమోనని చెవి పెట్టి విన్నాను.

కుప్పంలో గేటు నిలబెట్టాక ముత్తుస్వామి చుట్టాలందరి ముందు రెక్కలు మూశాడు. తీగ ఒక రెక్కలోంచి ఇంకో రెక్కలోకి ఏ అడ్డూ లేనట్టు పాకిపోయింది. “గౌస్ చెయ్యి అంటే ఇది” అన్నాడు ముత్తుస్వామి. ఇన్నాళ్ళూ మేము భయపడుతూ కాపాడుకున్నది సరిగ్గా ఆ మాటనే. ఊరుకుంటే చాలు.

గౌస్ భాయ్ ఊరుకోలేదు. కుడిచెయ్యి అందరి ముందూ చాపాడు.

“నా చెయ్యి కాదప్పా. ఇది వణుకుతాండాది, సూడు. ఈ పాపా నేనూ ఒక బల్ల చేసినాం. అది కోసింది.”

ముత్తుస్వామి ఆ చేతిని చూశాడు, గేటును చూశాడు. రెక్కను ముందుకు తోసి వెనక్కి లాగాడు. కాసేపటికి, తన బావమరిది ఇంటికి కూడా ఇట్లాంటిదే కావాలన్నాడు.

తిరుగు బస్సులో నేను ఉండబట్టలేక, ఎందుకు చెప్పావు భాయ్ అని అడిగాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, “ఈ పొద్దు పోతాడు, రేపు తిరుక్కోని వస్తాడు గదమ్మా. అప్పుడు ఈ చెయ్యి యాడ దాచేది?” అన్నాడు.

ఆ బల్ల మీద ఆయన ఇంకా చాలా గేట్లు చేశాడు, చెయ్యి దాచుకోకుండా. ఆయన పోయాక దాన్ని మదనపల్లెకు తెచ్చుకున్నాను. కంప్యూటర్లు మారాయి, మోటార్లు మారాయి, ఆ బందు మాత్రం మార్చనివ్వను. ఎవరికైనా ఒక మాట చెప్పబోయే ముందు, రేపు వాళ్ళు తిరిగి వచ్చి అడిగితే ఇదే మాట చెప్పగలనా అని చూసుకుంటాను. కొన్నిసార్లు నోటిదాకా వచ్చిన మాట మింగేస్తాను. ఆయన ఎంత గుర్తొస్తాడో అప్పుడు.

మొన్న ఆటో దిగి డబ్బులిస్తుంటే డ్రైవరు హ్యాండిలు మళ్ళీ ఒకసారి తిప్పాడు. ఈసారి ఇంజను ఆపేసి, తల వంచి, చెవి దగ్గర పెట్టి విన్నాడు.