రాయి చాచా కార్డు అసలుదే

ఇప్పటికి మూడు ఉత్తరాలు రాసిన. ఒక్కదానికీ జవాబు లేదు. సరే, చదవాల్సినాయన చదవకపోతే మీరైనా చదువుతరని ఇది మొదలుపెట్టిన. వయసు మీద పడి ఓపిక తగ్గింది గానీ, మనసుకు తగిలింది మరిచిపోయే అలవాటు మాత్రం ఇంకా రాలేదు (మా ఇంటామె దీన్ని జబ్బు అంటది).

ఆ రోజుల్లో, అంటే డెబ్బైల మొదట్లో, మనిషి మాట కన్నా స్కేలు మాటకే విలువెక్కువని నాకు తెల్వదు. శాలిబండలో ఒక పాత ప్రెస్సులో కొత్తగా పనికి చేరిన. శుభలేఖలు, ముస్లింల పెండ్లి పిలుపు రుక్కాలు అచ్చేసేటోళ్లం. అక్కడ రాతి పలక మీద అచ్చు తీసే ముసలాయనను అందరం రాయి చాచా అంటుంటిమి. ఇగ మా ఇంటి పై పోర్షన్‌లో కిరాయికి ఉండే కోస్తా ఆయన, కంచన్‌బాగ్‌లో ఏదో ల్యాబ్‌లో కొలతలు చూసే ఉద్యోగి. చొక్కా జేబులో ఎప్పుడూ స్టీలు స్కేలు ఉండేది, అందుకే మాకు స్కేలు సారు. తెల్లోళ్ల కాలంలో సిగరెట్ డబ్బాల్లో వచ్చిన క్రికెట్ ఆటగాళ్ల బొమ్మ కార్డులంటే ఆయనకు పిచ్చి. ఎవడో వాటికి నకళ్లు అచ్చేసి, చాయ్ నీళ్లలో ముంచి ఎండబెట్టి, పాతవని అంటగడుతున్నడని ఆయనకు ఒకటే ఫికర్.

అసలుదేదో నకలేదో చెప్పుడు నాకు నేర్పింది మాత్రం చాచా. "కాగితం అబద్ధం ఆడుతది బేటా, చుక్క ఆడదు" అనేటోడు. భూతద్దం పెట్టి చూస్తే, రాతి అచ్చులో రంగు చుక్కలు చిన్నా పెద్దా కలిసి ఇసుక చల్లినట్టు ఉంటయ్. కొత్త బ్లాకుల అచ్చులో బడిపిల్లల లెక్క వరుస కట్టి నిలబడుతయ్. అంతా నేర్పి, ఒకరోజు తన దగ్గరున్న ఒకే ఒక్క కార్డు నా చేతిలో పెట్టిండు. మీసాలాయన బ్యాటు పట్టుకొని నిలబడ్డ బొమ్మ. చిన్నప్పుడు వాళ్ల నాయన డబ్బాలోంచి తీసి ఇచ్చిందట. "నా కండ్లు పోతున్నయ్. ఇగ చుక్కలు నువ్వు చూడు."

నేను ఉబ్బిపోయిన. సారుకు చూపెట్టాలె. కానీ మూలలు అరిగి గుండ్రమైనయ్, అంచు ఒకదిక్కు పీచు లేచింది. మా పనిలో అంచు సాఫు లేని కార్డు బయటికి పంపితే పెండ్లోళ్లు మొఖం మీద కొడుతరు. ఇంకేముంది, కటింగ్ మిషన్‌లో పెట్టి నాలుగు దిక్కులా గోరు మందం కోసేసిన. పెండ్లికొడుకు లెక్క తయారైంది (నన్ను ఎవరూ కోయమనలేదు, నిజమే).

మర్నాడు నేను పిలిస్తే సారు ప్రెస్సుకే వచ్చి, స్కేలు పెట్టి, పెదవి విరిచిండు.

"ఏమయ్యా, ఇది రెండు మిల్లీమీటర్లు పొట్టిగా ఉందే! అరవై ఏళ్ల కార్డుకి అంచులు నిన్న కోసినట్టుంటాయా? ఇక్కడే తయారు చేశారేంటి, కొంపదీసి?"

"చుక్కలు చూడుండ్రి సార్!"

"చుక్కలెందుకయ్యా, కొలత ఉండగా?"

"గట్లెట్ల అంటరు? చాచాకు వాళ్ల నాయన ఇచ్చిండు!"

"అయితే ఆ నాన్నగారే మోసపోయుంటారు."

మిషన్లు ఆగినయ్. చాచా కార్డు తెమ్మని సైగ చేసి, భూతద్దం పెట్టుకున్నడు. చుక్కలు చూడలేదు, అంచు చూసిండు. మా మిషన్ కత్తికి ఒకచోట గంటు ఉండె. కోసిన ప్రతిదాని అంచుకూ అది సన్నటి గీత పెడుతది. ఆ గీత మీద రోజూ తిట్టేటోడు చాచానే. చాలాసేపు చూసి, ఒక్కసారి నా దిక్కు చూసిండు.

"నకలే సాబ్. మాఫ్ కర్నా," అన్నడు. "మా అబ్బాజాన్‌ను ఎవరో బేవకూఫ్ చేసిన్రు."

సారు ఖుషీగా స్కేలు జేబులో పెట్టుకొని పోయిండు. చాచా రాయి తుడుచుకుంటా, తలెత్తకుండనే, "ఆ కత్తికి సాన పట్టించు బేటా" అన్నడు. గంతే. మళ్లెప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

నేనే కోసిన అని అప్పుడే చెప్పొచ్చు. చెప్పలేదు. దానికి బదులు సారు ఇల్లు ఖాళీ చేసి పోయేదాకా మెట్ల మీద కనపడ్డప్పుడల్లా చుక్కల గురించి లొల్లి పెట్టిన, పోయినంక ఉత్తరాలు రాసిన. మూడింటిలో ఒక్కదాంట్లో కూడా కోత సంగతి లేదు. అది అంత అవసరమైన విషయం కాదనుకున్న. ఇప్పుడు చాచా లేడు. ఆయన రాయి ఎవరింట్లోనో బట్టలుతికే బండ అయి ఉంటది. నాకేమో భూతద్దం లేనిది పేపరే కనపడుతలేదు. అయినా పొద్దున కార్డు తీసి చూసిన. మీసాలాయన గట్లనే నిలబడ్డడు, రెండు మిల్లీమీటర్లు పొట్టిగా.

సార్, ఇది నాలుగో ఉత్తరం అనుకోండి. కోసింది నేను. మీ కొలత తప్పు కాదు. కానీ చుక్కలు ఇంకా ఇసుక లెక్కనే ఉన్నయ్. స్కేలు పక్కన పెట్టి ఒక్క ముక్క రాయండి, చాచా నాయన మోసపోలేదని. అడ్రసు మారలేదు. పై పోర్షన్ కూడా ఖాళీగనే ఉంది. వచ్చి చూస్తనంటే మరీ మంచిది. జవాబు మాత్రం ఇయ్యాలె.