మూడు సెట్లలో అయిపోతుందనుకున్నాం

మొన్న జగిత్యాల నుంచి బస్సులో వస్తుంటే, కోరుట్ల ఇంకా రెండు మైళ్ల దూరం ఉందనగా కిటికీలోంచి ఉడుకుతున్న పసుపు వాసన వచ్చింది. పచ్చిమన్ను, పొయ్యి పొగ, కొంచెం ఘాటు కలిసిన వాసన అది. పక్క సీట్లో అమ్మాయి ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుంది. ఎవరికైనా పసుపంటే వంటిల్లో, పెళ్లి పీటలో గుర్తొస్తాయి. నాకు మాత్రం ముందు వాలీబాల్ గుర్తొస్తుంది. ఈ మాట చెబితే మా బడిలో తోటి టీచర్లు నవ్వుతారు, నేనూ వాళ్లతో కలిసి నవ్వేసి ఊరుకుంటాను.

మా ఇల్లు కాలేజీ గ్రౌండుకు ఎదురుగా, మధ్యలో రోడ్డు. వరసగా ఉన్న ఆ ఏడెనిమిది ఇళ్లలో బీడీలు చుట్టని ఆడమనిషి లేదు. మధ్యాహ్నం బువ్వలు తిన్నాక అందరూ మా అరుగు మీదికి చేరేవాళ్లు. ఒడిలో చాట, చాటలో తంబాకు, పక్కన తడిగోనెలో చుట్టిపెట్టిన తునికాకు, చేతిలో కత్తెర. చేతులు ఆకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి కింద పడేస్తూనే ఉండేవి, కళ్లు మాత్రం గ్రౌండులోని బంతి మీదే. అమ్మను మేం అవ్వ అనేవాళ్లం. అవ్వయితే తల ఎత్తకుండానే, బంతి మీద దెబ్బ పడిన చప్పుడును బట్టి అది గీతకు లోపల పడిందో బయట పడిందో చెప్పేది. బాపు, అంటే నాన్న, తాళ్లెక్కి కల్లు గీసే మనిషి. గ్రౌండు అంచునున్న తాటిచెట్టు మీద మోకు బిగించుకుని కూచుంటే ఆయనకు ఆట మొత్తం అరచేతిలో ఉన్నట్టు కనిపించేది. పైనుంచి ఆయన అరిచి చెప్పే స్కోరే మాకు ప్రమాణం, ఈల పట్టుకున్న సార్ మాట ఆ తర్వాతే.

గ్రౌండు పేరుకే కాలేజీది. వానాకాలమంతా ఊరి బర్రెలది. బతుకమ్మ తొమ్మిది రోజులూ ఆడవాళ్లది. సద్దుల నాడు అక్కడే గుంపులుగా కూచుని నువ్వుల సద్ది, పెరుగు సద్ది, చేతికి నెయ్యి అంటే మలీద ముద్దలు తినేవాళ్లం, తిన్న ఆకులు మర్నాడు కాలేజీ పిల్లలు ఏరేవాళ్లు. చలి మొదలయ్యాక వాలీబాల్ గుంజలు పాతి, సున్నం గీతలు వేసేవాళ్లు. శివరాత్రి దగ్గరికొచ్చేసరికి పసుపు బండ్లు దిగేవి. రైతులు వచ్చి గుంజలు పీకి గోడకు ఆనించి, ఉడకబెట్టిన పసుపు కొమ్ములు గ్రౌండంతా పరిచేవాళ్లు. ఎండాకాలం నడిమిదాకా ఆట బంద్. అది అయ్యాక మళ్లీ గుంజలు పాతితే బంతి పచ్చగా, పిల్లల మోకాళ్లు పచ్చగా, బనీన్లు పచ్చగా అయిపోయేవి. పైఊరి జట్లు మావాళ్లను "పెండ్లికొడుకులు అచ్చిండ్రు" అని ఎక్కిరించేవి.

మా అరుగు మీద ప్రతి సాయంత్రం అదే పంచాయితీ. ఒకవైపు పక్కింటి మల్లవ్వ. ఆమె కొడుకులిద్దరూ దుబాయిలో ఉన్నారు, ఆ ఖాళీ అంతా కాలేజీ టీంతో నింపుకున్న మనిషి. రెండోవైపు మూల మీద ఎస్టీడీ బూత్ నడిపే లింగన్న. ఊళ్లో ఏ ఇంటికి గల్ఫ్ నుంచి ఫోనొచ్చినా ముందు ఏడుపు వినేది, నవ్వు వినేది ఆయనే.

"పోయినేడు ఎట్లుండె, గిప్పుడు ఎట్లున్నరు మనోళ్లు! సూత్తలేవార లింగా?" అనేది మల్లవ్వ.

"ఏం సూడాలె అక్కా? ఏటేటా ఇద్దరు దుబాయి పోతరు. కొత్తోళ్లు మల్ల మొదటికెల్లి నేర్వాలె. మీదికెల్లి మూన్నెల్లు పసుపాయె. గిట్లయితె టీం ఎట్ల ముందటికి పోతది?"

లింగన్న మాటలో తప్పులేదు, అందుకే మల్లవ్వకు కోపం. ఈ గొడవ నెలల తరబడి వినీ వినీ ఒకరోజు పసుపు రైతుల పెద్ద గంగారాం పటేల్ రోడ్డు మీదే సైకిల్ ఆపి, "ఈసారి జిల్లా కాలేజీల కప్పు తెమ్మను పోరగాండ్లను. పసుపు మా మామిడితోటల ఎండవెట్టుకుంటం. గుంజలు ముట్టం, పో" అన్నాడు. ఇంకేం, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం. కప్పు ఎక్కడ పెట్టాలో, సిమెంటు కోర్టు ఏ మూలకు వేయాలో అప్పుడే మా అరుగు మీద తేలిపోయింది.

ఆ టీంలో మా అన్న శీను ఉండేవాడు. నెట్టు దగ్గర నిలబడి, కొట్టేవాడికి బంతి లేపి ఇవ్వడం వాడి పని. వాడు లేపిన బంతి గాలిలో ఒక్క క్షణం ఆగినట్టుండేది. వాడు లేకపోతే మిగిలిన ఐదుగురూ ఉండీ లేనట్టే. కానీ ఇంట్లో పరిస్థితి వేరు. వరుసగా మూడేళ్లు వానల్లేవు. బావులు ఎండాయి, తాళ్లు కల్లివ్వడం మానేశాయి, బాపు చెట్టెక్కి ఉత్త కుండతో దిగిన రోజులే ఎక్కువ. అన్నకు మంచి కంపెనీ వీసా వస్తుందని జగిత్యాల ఏజెంటు ఏడాదిగా చెబుతున్నాడు. ఆ పిలుపు కోసం అవ్వ కొండగట్టు అంజన్నకు మొక్కింది. కప్పు కోసం మల్లవ్వా అదే అంజన్నకు మొక్కింది. ఒకే దేవుడి మీద ఒకే అరుగు నుంచి రెండు మొక్కులు పడితే ఆయన మాత్రం ఏం చేస్తాడు?

ఫైనలు సిరిసిల్ల కాలేజీతో పడింది, మా గ్రౌండులోనే. సిరిసిల్ల పిల్లలు రెండు రోజులు ముందే వచ్చారు. అందరూ మరమగ్గాల ఇళ్లవాళ్లు. జుట్టులో దూది పోగులు, ఎండ ఎరగని తెల్లటి చేతులు. వాళ్లకక్కడ సరైన గ్రౌండు లేదట, ప్రాక్టీసుకు మా కోర్టు ఇస్తారా అని అడిగారు. అరుగు మీద పెద్ద రాద్ధాంతం అయింది. మా కోర్టు ఒకవైపు కొంచెం వాలుగా ఉంటుంది. సాయంత్రం పడమటి ఎండ సరిగ్గా కళ్లలో కొడుతుంది. ఈ రెండూ ఎరిగినవాళ్లకే గెలుపు. "మన కత్తి మనమే నూరియ్యాల్నా?" అని లింగన్న మొత్తుకున్నాడు. అన్నే ఆ మాటకు ఒప్పుకోలేదు. "గ్రౌండ్ ఎవలయ్యది కాక? పసుపుకిత్తిమి, బర్లకిత్తిమి, ఆటోళ్లకియ్యమా?" అన్నాడు. రెండు పూటలూ వాళ్లు అక్కడే ఆడారు. వద్దని తిట్టిన మల్లవ్వే వాళ్లకు కుండెడు గట్క, పచ్చిపులుసు పంపింది. మోసింది నేనే.

ఫైనలు రోజు అవ్వ బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోయింది. బాపు మెట్‌పల్లి వైపు తాళ్లకు పోయి పొద్దుగూకితే గాని రాడు. రెండున్నరకు ఆట. రెండింటికి లింగన్న బూత్ వదిలేసి రొప్పుతూ అరుగు దగ్గరికొచ్చాడు.

"జగిత్యాల కెల్లి ఫోనచ్చింది. శీను వీసా అచ్చిందట. ఐదింటి లోపట పాస్‌పోర్టు పట్టుకోని ఆడుండాలెనట, గీ రాత్రికే బొంబాయి బస్సు. లేకుంటె ఇంకోన్ని ఎక్కిత్తడట."

చాటలన్నీ ఆగిపోయాయి. గ్రౌండులో అన్న వేళ్లకు గుడ్డ చుట్టుకుంటున్నాడు. ఇంట్లో పెద్దలు లేరు. ఆ కబురు వినడానికి మా ఇంటి తరఫున ఉన్నది పదకొండేళ్ల నేనొక్కదాన్నే.

మల్లవ్వ ఆకు కత్తిరిస్తున్నట్టే నెమ్మదిగా లెక్క కట్టింది. "ఇప్పుడు చెప్తె పోరని చేతులు వణుకుతయి. నాలుగింటికి బస్సుంది, ఐదింటి లోపట దిగుతడు. మనోళ్లు గిట్ల ఆడుతుంటె మూడు సెట్లల్ల అయిపోతది. ఒడవంగనే నేనే బస్సెక్కిత్త." ఎప్పుడూ ఆమె మాటను కొట్టిపారేసే లింగన్న కూడా ఆ రోజు కాదనలేదు. "అవునక్కా, మూడు సెట్లల్ల ఒడుత్తది" అన్నాడు. ఏడాదంతా ఆ జట్టు గురించి వాళ్లిద్దరూ ఒప్పుకున్న మాట అదొక్కటే. మల్లవ్వ నా వైపు తిరిగి, "ఏం బిడ్డా, ఏమంటవ్?" అంది. నేను సరేనన్నాను.

మొదటి రెండు సెట్లూ మావే. అరుగు మీద ఈలలు, కేకలు. మూడో సెట్టులో సిరిసిల్ల పిల్లలకు కోర్టు వాలు తెలిసొచ్చింది. రెండు పూటలు ఆడిన కోర్టే కదా. సెట్టు వాళ్లదైంది. నాలుగో సెట్టు సగంలో ఉండగా నాలుగు గంటల బస్సు మా ముందే ఆగి, హారన్ కొట్టింది. లింగన్న లేచి నిలబడ్డాడు. "అక్కా, ఇగ చెప్పుదామా?" వాణ్ని ఇప్పుడు పిలిస్తే ఆటా పోతుంది, గ్రౌండూ పోతుంది. "లారీ ఎక్కియ్యచ్చు తియ్యి" అంది మల్లవ్వ, ఎవరి మొహం చూడకుండా. నేను తలొంచుకుని కింద పడ్డ బీడీలు ఏరుతూ కూచున్నాను. బస్సు పోయింది. నాలుగో సెట్టూ పోయింది.

ఐదో సెట్టు మాది. అన్నను భుజాల మీద ఎత్తుకుని తిప్పారు. వాడు కిందికి దిగేసరికి ఐదు కావస్తోంది. లింగన్న ఎదురెళ్లి, "శీనూ, గిప్పుడే ఫోనచ్చింది" అన్నాడు. ఆ 'గిప్పుడే' అన్న మాట ఎవరూ ముందుగా అనుకున్నది కాదు, భయంతో వచ్చేసింది. మేమంతా దాన్ని అలాగే ఉంచేశాం. అన్న చెమట బనీనుతోనే లారీ ఎక్కాడు. వాడు చేరేసరికి వాడి చోటులో రుద్రంగి ఊరి పిల్లాణ్ని ఎక్కించి పంపేశారు.

పటేల్ మాట తప్పలేదు. ఆ ఏడాది పసుపు మామిడితోటకు పోయింది, గుంజలు అలాగే నిలబడ్డాయి. మరుసటి చలికాలానికి ఆ గుంజల దగ్గర ఆడటానికి మనుషులు లేరు. నలుగురు దుబాయి దారి పట్టారు. సిరిసిల్లలో మగ్గాలు ఆగిపోయి, అక్కడి జట్టులో సగం మంది భివండి మగ్గాలకు పోయారని విన్నాం. అన్న విజిట్ వీసా మీద దుబాయి పోయి, గడువు దాటాక కాగితాల్లేని మనిషిగా మిగిలాడు. అలాంటివాళ్లను మావైపు ఖల్లివెల్లి అంటారు. పోలీసుకు దొరక్కుండా ఎక్కడ పని ఉంటే అక్కడ బతకాలి, ఇంటికి రావాలంటే అక్కడి సర్కారు క్షమాభిక్ష ప్రకటించాలి. బాపు పోయినప్పుడు కూడా రాలేకపోయాడు. ఆ రోజు అన్న చోటులో పోయిన రుద్రంగి పిల్లాడు పెద్ద కంపెనీలో ఫోర్‌మన్ అయ్యాడని జగిత్యాలలో ఎవరో చెప్పుకుంటుంటే విన్నాను.

ఇప్పుడు గ్రౌండు చుట్టూ గోడ, లోపల నడిచేవాళ్లకు బాట, ఇనుప జాలీ వేసిన వాలీబాల్ కోర్టు, దానికి తాళం ఉన్నాయి. తాళంచెవి ఎవరి దగ్గరుందో అడిగితే ఎవరికీ తెలియదు. అరుగులు పోయి షట్టర్లు వచ్చాయి. టీం ఎట్లా ముందుకు పోతుందని తగువాడుకునేవాళ్లు లేరు. మల్లవ్వ పోయింది, లింగన్న పోయాడు, మా అవ్వ ఆ రోజు సంగతి తెలియకుండానే పోయింది. అన్న మాత్రం వచ్చాడు, నెరిసిన తలతో, వంగని మోకాళ్లతో.

మొన్న ఇద్దరం ఆ జాలీ పక్కనే కాసేపు నిలబడ్డాం. ఇన్నేళ్లు మోసింది ఇక మోయలేక చెప్పేశాను. ఫోను గిప్పుడే రాలేదని, ముందే వచ్చిందని, నాకు తెలుసని.

"ఎన్నింటికచ్చింది?" అని అడిగాడు అన్న.

"రెండింటికి."

"రెండింటికా." జాలీలోంచి లోపలికి చూశాడు. "రెండుంబావుకు మెట్‌పల్లి కెల్లి జగిత్యాల పోయే బస్సుండె."

అంతే. కోపంగా అనలేదు. అనుంటే బాగుండేది. తర్వాత చాయ్ తాగుదామన్నాడు, హోటల్లో నా చాయ్‌లో చక్కెర తక్కువైతే వాడే అడిగి వేయించాడు. నేను సగమే చెప్పానని వాడికి తెలియదు. మల్లవ్వ, లింగన్న నిజంగానే మూడు సెట్లలో అయిపోతుందని నమ్మారు, వాళ్లు చేసింది లెక్క తప్పడం. మూడో సెట్టు సిరిసిల్ల గెలిచినప్పుడు అరుగంతా తల పట్టుకుంటే, అన్న ఇక పోడని లోపల్లోపల సంతోషపడింది నేనొక్కదాన్నే.