వేళ్ల సందుల్లో మంట

నంద్యాలలో బస్సెక్కినప్పటి నుంచీ నేను కుదురుగా కూర్చోలేకపోయాను. అప్పుడు కొత్తగా కానిస్టేబులు ఉద్యోగంలో చేరాను. వానాకాలమంతా తడి బూట్లతో తిరిగేసరికి కాలివేళ్ల సందులు తెల్లగా పాసిపోయి, తోలు ఊడుతోంది. అది కుష్ఠేనని నాకు నేనే తీర్మానించుకున్నాను. ఇంట్లో చెప్పలేదు. నెలరోజులుగా మా పసిబిడ్డను కూడా ఎత్తుకోలేదు.

బూటును బూటుతో రుద్దుకుంటుంటే పక్కసీటులోని పెద్దామె చూసింది. ఆసుపత్రిలో పుండ్లకు కట్లు కట్టే పని చేస్తానని చెప్పింది.

"కాలికేమైందప్పా? బూటు ఇప్పు, చూస్తా."

"వద్దమ్మా. పెద్దరోగమేమో," అన్నాను గొంతు తగ్గించి.

ఆమె వినలేదు. బూటు విప్పించి, నా పాదాన్ని ఒళ్లో పెట్టుకుని, వేళ్లు విడదీసి, పిన్నీసు మొనతో మెల్లగా తాకింది. నేను ఉలిక్కిపడి కాలు లాక్కున్నాను.

"చురుక్కుమనింది కదా? పెద్దరోగమైతే మచ్చ మీద పొడిచినా తెలీదు, దురదా పుట్టదు. ఇది బూట్ల తడికి వచ్చే తామర. ఆసుపత్రిలో మలాం ఇస్తారు, పూసుకో. కాళ్లు కడిగినాక సందుల్లో చెమ్మ లేకుండా తుడ్చుకో. మేజోళ్లు దినామూ ఉతుకు, బూట్లు ఎండలో పెట్టు. నీ తువ్వాలు ఇంకొకరికి ఇయ్యాకు."

తర్వాత కిటికీలోంచి చేతులు బయటికి చాపి, తన మరచెంబు నీళ్లతో కడుక్కుంది. ఆళ్లగడ్డ రాకముందే ఒక పల్లెలో దిగిపోయింది.

నెలకల్లా కాలు మానింది. ముక్కూమొహం తెలియని మనిషి నా పాదాన్ని ఒళ్లో పెట్టుకున్న సంగతి నా భార్యకు చాలా ఏళ్ల తర్వాత చెప్పబోయాను. సగంలోనే లేచి వెళ్లి బూట్లు ఎండలో పెట్టాను.