వాపసు తెచ్చిన రొయ్యలు

గోదావరిఖనిలో సారక్క చేపల గంప ఎరగని వీధి లేదు. మొప్ప ఎత్తి చూసి, ఎర్రగా లేకపోతే ఆ చేపను గంపలోకి రానివ్వదు. అట్లాంటి మనిషి రొయ్యల దగ్గర బోల్తా పడింది. రొయ్యకు ఎత్తి చూడటానికి మొప్ప దొరకదు. పైగా ఆమె సముద్రం మొహం ఎన్నడూ చూసింది లేదు. ఒక ఆదివారం తెల్లవారుజామున రొయ్యల పెట్టెలో ఐసు కరిగి, మోరీ కంపు కొడుతుంటే ఇదేందని అడిగింది. మాలు దింపే కిషన్ నవ్వాడు.

"సముద్రం మాలు గట్లనే ఉంటదక్కా. ఉప్పు వాసన."

నమ్మింది. గుప్పెడు ఇంట్లో వండి మొగుడు ఎల్లేశానికి పెట్టి, మిగతావి ఇల్లిల్లూ తిరిగి అదే మాట చెప్పి అమ్మింది. మధ్యాహ్నం ఇల్లు చేరేసరికి ఎల్లేశం మోరీ పక్కన కూలబడి పచ్చటి నీళ్లు కక్కుతున్నాడు. ఆయన్ను మరిదితో దవాఖానకు పంపి, ఖాళీ గంప మళ్లీ నెత్తికెత్తుకుంది. కిషన్‌కు ఫోన్ చేస్తే, అమ్మినవి వాపసు తెచ్చే పిచ్చోళ్లుంటారా అని కసురుకున్నాడు.

ఇల్లిల్లూ తిరిగింది. పసుపూ కారం పట్టించినవి, జిగురు సాగుతున్నవి, అన్నీ గంపలో పోయించుకుంది. ఒకామె తిట్టుకుంటూ కంచంలోవి ఎంగిలి చేత్తోనే తీసి విసిరింది. ఈగలు గంపతో పాటే నడిచాయి.

చివరికి జ్యోతినగర్‌లో ఇంజనీరుగారి భార్య నాగేశ్వరి ఇల్లు. కోస్తా నుంచి వచ్చినవాళ్లు. విషయం చెప్పబోతే ఆమె చెయ్యి ఊపింది.

"నాకు డబ్బా మూత తియ్యగానే తెలిసిపోయిందిలే సారక్కా. సముద్రం పక్కన పుట్టినదాన్ని, కుళ్లిన రొయ్య తెలీదా?"

పారబోశారా అని అడిగింది సారక్క.

"పారబొయ్యడమెందుకు? పూలమ్మకిచ్చా. వాళ్లకి అన్నీ అరుగుతాయి."

సారక్క నోట్లో ఉమ్మి ఊరింది. దాన్ని గేటు దాకా మోసి, రోడ్డు మీద ఊసింది.

పూలమ్మ ఆ ఇంట్లో అంట్లు తోముతుంది. సారక్క ఆమె గుడిసెకు చేరేటప్పటికి పులుసు ఉడుకుతోంది, పిల్లలు కంచాలు పట్టుకుని కూర్చున్నారు. సారక్క కొంగుతో గిన్నె దించింది. పూలమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"మా పొయ్యి మీద నీ కన్నెందుకే అక్కా? ప్రేమతోని ఇచ్చింది అమ్మ."

ఎల్లేశం సంగతి చెప్పింది సారక్క. పూలమ్మ పట్టు వదిలింది.

"తెల్వక ఇచ్చిందా?"

తెల్వకనే అందామనుకుంటూ వచ్చింది సారక్క దారి పొడుగునా. రేపు పూలమ్మ మళ్లీ ఆ గడప తొక్కాలి కదా. గిన్నెలోంచి ఆవిరి మొహానికి కొట్టింది. ఇక మనసొప్పలేదు.

"తెల్సే ఇచ్చింది."

పూలమ్మ గడ్డపార అందుకుంది. గుడిసె వెనక గుంత తవ్వింది. పులుసూ, గంపలోవీ అందులో పోసి బూడిద కప్పారు. పచ్చడి మెతుకులే పెడితే పిల్లలు ఏడ్చారు. నాగేశ్వరి ఇంటి నుంచి రొయ్యలొచ్చిన స్టీలు డబ్బా మూలన పడి ఉంది, అడుగున ఇంత కుళ్లునీళ్లతో. కడుగుదామని సారక్క దాన్ని అందుకుంది.

"కడగకు అక్కా," అంది పూలమ్మ, మూత బిగిస్తూ. "గట్లనే తీస్కపోయి ఇస్త. ఆమెనే తియ్యాలె మూత."