ఏడూ నలభై జీపు

జాకరపుట్టు సుక్రుకి నిమిషాల పిచ్చి. కొండ మీద ఎవరైనా ఎదురుపడితే ‘ఏటి కూర?’ అని అడగడం రివాజు. సుక్రు మాత్రం ‘ఎన్ని నిమిషాలు?’ అంటాడు. కట్టెలమోపుతో దిగుతున్నవాణ్ని ఆపి అడవి నుంచి ఇక్కడికి ఎన్ని నిమిషాలంటాడు. చోళ్ల అంబలి కాగడానికి ఎన్ని నిమిషాలు, మేక ఈనడానికి ఎన్ని నిమిషాలు. ఒక పెళ్లిలో మంచిగడియ చూసే దిసారి ‘పొద్దు బారెడెక్కినాక పిల్లని బయటికి తీసుకురండి’ అంటే, ‘బారెడంటే ఎన్ని నిమిషాలు దిసారీ?’ అని నిలదీశాడు. పెళ్లి అయితే జరిగింది గానీ, సుక్రుని పిలిచిన పెళ్లికి తనని పిలవొద్దని దిసారి అందరికీ చెప్పేశాడు.

నేనిప్పుడు విశాఖపట్నంలో ఉంటున్నాను. రోజూ సాయంత్రం ఆఫీసు వదిలాక బస్‌స్టాపులో నిలబడతాను. చుట్టూ యాభై మంది ఉంటారు, అందరూ ఫోన్లు చూసుకుంటూ ఉంటారు. ‘ఎన్ని నిమిషాలు సారూ?’ అని అడిగేవాడు ఒక్కడూ ఉండడు. అప్పుడు నాకు సుక్రు మీద బెంగ పుట్టుకొస్తుంది. నవ్వకండి, నలభై ఏళ్లు దాటిన మగాడికి కూడా బెంగ ఉంటుంది.

ఈ పిచ్చి అతనికి పుట్టుకతో వచ్చింది కాదు. అంటించింది నేనే.

అప్పట్లో నేను హుకుంపేటలో ఒక కాఫీ రైతుల సంఘానికి ఫీల్డు ఆఫీసర్ని. మా కాఫీ వియన్నాలో ఒక ప్రదర్శనకి ఎంపికైంది. గింజలతోపాటు పండించిన రైతు కూడా వస్తే బాగుంటుందని వాళ్లు రాశారు. విమానం అనగానే మా రైతులందరి పెళ్లాలకీ ఒకేసారి జ్వరాలొచ్చాయి. సుక్రు పెళ్లాం రత్న ఒక్కతే, ‘ఎల్లిరా. అక్కడి సంతెలాగుంటాదో సూసొచ్చి నాకు సెప్పు’ అంది.

రత్న గురించి చెప్పాలి. మా కొండల్లో ఆమెని మించిన సంత మనిషి లేదు. శనివారం వస్తే అల్లం, పసుపు, రాజ్మా గింజలు తట్టలో సర్దుకుని హుకుంపేట సంతకి అందరికంటే ముందు దిగేది. అమ్మడం ఒక నెపం. ఎవరింట్లో ఎవరలిగారు, ఏ గుంట ఏ గుంటణ్ని ఇష్టపడింది, అన్నీ అక్కడే తెలియాలి. అప్పటికి మూడేళ్ల ముందు సిల్వర్ ఓక్ చెట్టెక్కి మిరియాలు కోస్తూ జారిపడింది. తుంటి ఎముక అతుక్కుంది గానీ కాలు మునుపటిలా లేవదు. కర్ర పట్టుకుని నడుస్తుంది. ఒకేచోట పది నిమిషాలకి మించి నిలబడలేదు, నేల మీద కూర్చుంటే తనంతట తాను లేవలేదు.

దెబ్బ తగిలాక ఒకే ఒక్కసారి సంతకి బయల్దేరింది. నలుగురు మగాళ్లు కాళ్లూ చేతులూ పట్టుకుని జీపులోకి ఎత్తారు. సంతలో దింపడానికి ఇంకో నలుగురు పట్టారు. అందరూ చూశారు, కొందరు నవ్వారు. ‘నానేటి పసుపు బస్తానా? ఇంక జన్మలో ఆ జీపెక్కను’ అంది రత్న. ఎక్కలేదు కూడా.

అప్పట్నుంచి శనివారం సాయంత్రం అరుగు మీద కూర్చుని, సంత నుంచి వచ్చేవాళ్లందర్నీ ఆపేది. ‘ఎవులొచ్చేరు? అల్లం ఎలాగెల్లింది? పెదబయలు చిన్నమ్మలు కనబడిందేటి? నా గురించి అడిగిందేటి?’ చిన్నమ్మలు ఆమెకి సంత స్నేహితురాలు. అడిగిందని చెబితే ముఖం వెలిగిపోయేది. ఆ తర్వాత సంత దారి వైపే చూస్తూ కూర్చునేది. నేను చిన్నమ్మలుని చూడని వారాల్లో కూడా ‘అడిగింది’ అనే చెప్పేవాణ్ని.

వియన్నా సంగతికొస్తాను. దిగిన మొదటిరోజే ట్రాము స్టాపులో నిలబడ్డాం. బోర్డు మీద 3 అని వెలిగింది. మూడు నిమిషాల్లో బండి వస్తుందని చెప్పాను. సుక్రు వాచీ ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూస్తూ ఉండిపోయాడు. సరిగ్గా మూడో నిమిషానికి ట్రాము వచ్చింది. ఎక్కాం. అది కదలగానే సుక్రు నా చెయ్యి పట్టుకున్నాడు.

“సారూ, బండి కదిలిపోతంది!”

“కదలదూ మరి?”

“నిండలేదు సారూ! సగం ఖాళీగున్నాది. డ్రైవరికి మతిపోయిందేటి?”

మా కొండల్లో బండి నిండితేనే కదులుతుంది. అదొక్కటే అతనికి తెలిసిన లోకం. ఖాళీ సీట్లతో టైముకి కదిలే బండిని చూసి, పాపం, సగం రోజు కోలుకోలేదు.

రెండోరోజు నేను చేసిన తప్పు, రోజంతా చెల్లే టిక్కెట్టు కొనివ్వడం. నేను రాజభవనం ముందు ఫోటోలు దిగి వచ్చేసరికి సుక్రు లేడు. మూడు గంటలు వెతికాను. సంఘానికి ఏం చెప్పాలి, రత్నకి ఏం చెప్పాలి అనుకుంటూ వచ్చిన ప్రతి ట్రాములోకీ తొంగిచూశాను. చివరికి ఒక ట్రాములో కిటికీ పక్కన హాయిగా కూర్చుని కనిపించాడు.

“ఎక్కడికెళ్లావయ్యా?”

“ఎక్కడికీ నేదు సారూ. ఆ సివర్నుంచి ఈ సివరకి.”

“ఎన్నిసార్లు?”

“నాలుగు. టిక్కెట్టు రోజంతా సెల్లుతాదన్నావు కదేటి? వదిలీమంటావా?”

మూడోరోజు ఇంకా ఘోరం. స్టాపులో మోకాళ్ల మీద కూర్చుని, పట్టాల నుంచి గట్టు ఎంతెత్తుందో భుజమ్మీది తువాలుతో కొలిచి, అక్కడొక ముడివేశాడు. కోట్లు వేసుకున్న దొరలు ఆగి చూస్తున్నారు. “లే నాయనా, పోలీసులొస్తారు” అని బతిమాలాను. “ఒక్క నిమిషం సారూ” అన్నాడు. నిమిషం అన్న మాట అతని నోట వినడం నాకు అదే మొదటిసారి.

తిరిగొచ్చాక ఊరంతా మూగి ఏం చూశావంటే, భవనాలు లేవు, వంతెనలు లేవు, ట్రాము ఒక్కటే. ఊరి దగ్గరి రోడ్డు మలుపులో అలాంటి బండి ఆగాలన్నాడు. ట్రాము ఎలాగూ రాదు కాబట్టి పైడయ్య జీపు మీద పడ్డాడు.

పైడయ్య మాడుగుల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాడు. మా మలుపు నుంచి హుకుంపేటకి అతని జీపే బస్సు, అదే రైలు. పద్దెనిమిది మంది ఎక్కితే గానీ తాళం తిప్పడు. అతనికి కాలం గంటల్లో ఉండదు, తలకాయల్లో ఉంటుంది.

“ఎంతసేపు పైడయ్యా?” అని సుక్రు అడిగేవాడు.

“ఇంకా అయిదుగురు.”

“నానడిగింది టైము.”

“నాను సెప్పింది అదే.”

“అక్కడ ట్రాము ఇద్దరున్నా ఎల్లిపోతాది, ఎరికా?”

“అయితే అక్కడికే ఎల్లి ఎక్కు సుక్రన్నా.”

సుక్రు దెబ్బలాడలేదు. ఒక రేకు ముక్క మీద రంగుతో రాసి మలుపులో పాతాడు: ‘జాకరపుట్టు – హుకుంపేట. శనివారం. 7:40. జీపు నం. 1.’

“రెండో నంబరు జీపెక్కడుందయ్యా?” అన్నాను.

“వత్తాది సారూ. ఒకటని రాసుకుంటే రెండుకి సోటుంటాది.”

ఆ తర్వాత బోర్డు పక్కనే రాళ్లు పేర్చి, మట్టి పోసి, ఒక గట్టు కట్టాడు. వెనకవైపు నడిచి ఎక్కడానికి వాలు పెట్టాడు. దానికి ప్లాట్‌ఫారం అని పేరు. ‘రైలొత్తాదేటి సుక్రూ?’ అని పోయేవాళ్లు, వచ్చేవాళ్లు ఒకటే వేళాకోళం. తువాలు ముడి ప్రకారం, వియన్నా కొలత వెంట్రుకవాసి తేడా లేకుండా కట్టాడు. తీరా జీపు వచ్చి ఆగితే, దాని అడుగు గట్టు కంటే మోకాలెత్తు పైన ఉంది. వియన్నా ట్రాము నేలని రాసుకుంటూ పోతుంది, పైడయ్య జీపు బండరాళ్ల మీదుగా పోతుంది. ఆ సంగతి నాకు కూడా తట్టలేదు. ఆరోజు ఊరు నవ్విన నవ్వుకి చెట్లమీది పిట్టలు లేచిపోయాయి.

సుక్రు కూడా నవ్వాడు. నవ్వి, తువాలు ముడి విప్పి, హుకుంపేటలో మా సంఘం గోదాముకి వెళ్లాడు. అక్కడ బస్తాలు దింపడానికి బండి ఎత్తున ఒక అరుగుంది. దాన్ని కొలిచి కొత్త ముడి వేసుకున్నాడు. “ఇది బస్తాలు దిగే అరుగని మాయింట్లో సెప్పకు సారూ” అన్నాడు. ఎందుకో నాకు అర్థం కాలేదు. అతను చెప్పేవాటిలో సగం నాకు అర్థమయ్యేవి కావు కాబట్టి పట్టించుకోలేదు.

గట్టు పెరిగింది. దాని ముందు రోడ్డు మీద సున్నంతో గీత గీశాడు. జీపు చక్రం ఆ గీత మీదే ఆగాలి.

“జానెడు ఎనక్కి, పైడయ్యా.”

“జీపుకి జానెడేటి సుక్రన్నా! మనుసులు ఎక్కుతారా, కొలత్తారా?”

“జానెడంటే జానెడే.”

ఇక మిగిలింది టైము. పైడయ్యకి తలకాయలు కావాలి, తనకి ఏడూ నలభై కావాలి. సుక్రు శనివారం తెల్లారగానే ఇంటింటికీ తిరగడం మొదలుపెట్టాడు. ‘బేగి రండి, బేగి రండి’ అని తట్టలు తనే మోసుకొచ్చి, జనాన్ని గట్టు మీదికి తోలేవాడు. మొదటి వారం జీపు తొమ్మిదీ పదికి కదిలింది. తర్వాత ఎనిమిదిన్నర. తర్వాత ఎనిమిదీ అయిదు. ప్రతి శనివారం నాకు ఫోన్ చేసి ఆ అంకె చెప్పేవాడు. పంట సంగతి అడిగితే ‘అది తరవాత’ అనేవాడు.

నాకు విశాఖ బదిలీ వచ్చిన వారం, చెప్పి వెళదామని శనివారం పొద్దున్నే జాకరపుట్టు వెళ్లాను. ఏడున్నరకల్లా పదిహేడు మంది జీపులో ఉన్నారు. డ్రైవరు పక్క సీటు ఖాళీగా ఉంది. దాని మీద సుక్రు తువాలు పరిచి ఉంది.

“ఒక తలకాయ తగ్గింది,” అన్నాడు పైడయ్య.

“వత్తంది,” అన్నాడు సుక్రు, వాచీ చూసుకుంటూ. “ఏడూ పద్నాలుక్కి బయలెల్లింది. ఇరవై రెండు నిమిషాలు.”

ఊరి నుంచి వచ్చే దారిలో రత్న కనిపించింది. తలకి నూనె రాసుకుని, ఎర్ర చీర కట్టుకుని, కర్ర ఆనించుకుంటూ వస్తోంది. ఎవరూ పట్టుకోలేదు. సుక్రు కూడా ఒక్క అడుగు ముందుకి వెయ్యలేదు. అప్పుడు నా బుర్రకి వెలిగింది. ఇంటి నుంచి మలుపుకి ఇరవై రెండు నిమిషాలు. నిలబడగలిగేది పదే నిమిషాలు, కదలని జీపులో గంటసేపు ఇరుక్కుని కూర్చుంటే తుంటి పట్టేస్తుంది. బండి ఇంకా అయిదుగురు, ఇంకా ముగ్గురు అంటూ కూర్చుంటే ఆమె ప్రయాణం అక్కడే ఆగిపోతుంది.

“ఆ వూర్లో ఒక ముసలామె, సక్రాల కుర్సీలో,” అన్నాడు సుక్రు నావైపు చూడకుండా. “ట్రామెక్కింది సారూ. డ్రైవరు సిన్న పలక పరిసేడు, అంతే. ఎవులూ ఎత్తనేదు. ఎవులూ సూడను కూడా నేదు. ఇంకోపాలి కనబడతాదేమోనని నాలుగుసార్లు తిరిగేను.”

ఆ ముసలామెని నేనూ చూశాను. నా ఫోటోకి అడ్డమొచ్చిందని పక్కకి జరిగాను. సిగ్గుగా అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది.

రత్న వాలు ఎక్కింది. గట్టు చివరికి వచ్చి, జీపు అడుగు వైపు అనుమానంగా చూసి, కర్ర ముందు లోపల పెట్టింది. తర్వాత కాలు. తర్వాత రెండో కాలు. తువాలు తీసి ఒళ్లో పెట్టుకుని సీట్లో కూర్చుంది. జీపులో అందరూ ఆమెనే చూస్తున్నారు. ఆమె చీర కుచ్చెళ్లు సర్దుకుని, “ఏటలా సూత్తన్నారు, సంతకెల్లే మనిసిని ఎప్పుడూ సూడనేదేటి?” అంది. అందరూ గొల్లుమన్నారు.

అంతలో సుక్రు నెత్తి కొట్టుకున్నాడు. పసుపు తట్ట ఇంటిదగ్గరే ఉండిపోయింది. “ఒక్క నిమిషం!” అని పరుగు తీశాడు.

పైడయ్య తాళం మీద చెయ్యి వేసి ఆగాడు. రత్న అటు చూసింది, ఇటు చూసింది.

“టైమెంత పైడయ్యా?”

“ఏడూ నలభై, వదినా.”

“ఆ బోర్డు మీద ఏటి రాసున్నాది?”

“ఏడూ నలభయ్యే. కానీ అన్న రావాలి కదా?”

“మరేటి సేత్తన్నావు? పోనీ. నా కోసం చిన్నమ్మలు సూత్తుంటాది.”

జీపు కదిలింది. తట్ట నెత్తిన పెట్టుకుని సుక్రు రొప్పుతూ వచ్చేసరికి గీత మీద దుమ్ము మాత్రం మిగిలింది.

“ఎల్లిపోయిందేటి?”

“ఏడూ నలభైకి.”

“సరిగ్గానా?”

“సరిగ్గానే. నీకోసం ఆగుతానంటే రత్నే పొమ్మంది.”

కోపం వస్తుందనుకున్నాను. దుమ్ము వైపు చూస్తూ నోరంతా తెరిచి నవ్వాడు. “సూసేవా సారూ! మనిసి రాకుండానే కదిలిపోయింది!”

“మరి తర్వాతి బండి ఎప్పుడయ్యా?”

సుక్రు బోర్డు దగ్గరికి వెళ్లి, ఎవరో రాసింది చదువుతున్నట్టు కూడబలుక్కుని చదివాడు. “శనివారం. ఏడూ నలభై.” తర్వాత తట్ట పక్కన పెట్టుకుని, ప్లాట్‌ఫారం అంచున కాళ్లు వేలాడేసుకుని, రత్న తిరిగొచ్చే హుకుంపేట రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాడు. పక్కన నేనూ కూర్చున్నాను. నాకు వెళ్లాలని లేదు. పొద్దెక్కింది, ఆకలేసింది, అతను మాత్రం లేవలేదు.

“ఇంకా ఎన్ని నిమిషాలు కూర్చుంటావు సుక్రూ?” అని ఈసారి నేనడిగాను.

సుక్రు వాచీ చూసుకోలేదు.

“ఇంకా ఒకరు, సారూ,” అన్నాడు.