చెరువు మట్టి పోసిన ఇల్లు

2021 డిసెంబరు. ఏలూరులో చలి ముదిరిందంటే మా పనికి గిరాకీ వచ్చినట్టే. పండగ ముందు ఇంటికి రంగులు వేయించాలని అందరికీ ఒక్కసారే గుర్తొస్తుంది. నిజానికి రంగులకి ఇంతకంటే చెడ్డకాలం లేదు. పొద్దెక్కేదాకా మంచు, ఎండ వాలీ వాలకముందే మళ్ళీ చెమ్మ. మధ్యలో ఉన్న ఆ కాస్త ఎండలోనే పుట్టీ ఆరాలి, ప్రైమర్ ఆరాలి, ఇంటావిడ ఉతికిన దుప్పట్లూ ఆరాలి. ఈ మాట చెప్తే వినే నాథుడు ఉండడు. "పండక్కి కాకపోతే ఇంకెప్పుడండీ?" అంటారు.

మా నాన్న సున్నాలు వేసేవాడు. నేను పెయింటింగ్ కాంట్రాక్టులు చేస్తూ డాంప్ పనుల్లోకి దిగాను. డాంప్ అంటే గోడకి పట్టే చెమ్మ. స్లాబ్ కారితే దానికి మందుంది. బాత్రూమ్ పైపు కారితే దానికీ ఉంది. నేలలోంచి గోడలోకి ఎక్కే చెమ్మ ఒకటుంది, దాన్ని రైజింగ్ డాంప్ అంటాం. వత్తి నూనె పీల్చినట్టు ఇటుక నీళ్ళు పీలుస్తుంది. మట్టిలో ఉన్న ఉప్పు ఆ నీళ్ళతోపాటే పైకొచ్చి, తెల్లగా పూస్తుంది. సవుడు పట్టిందంటాం. దాని మీద ఎంత మంచి రంగు వేసినా పైన పటారం, లోన లొటారమే.

ఆ నెలలోనే ఆకివీడు అవతల, కొల్లేటి అంచున ఉన్న ఒక ఊరి నుంచి ఫోను వచ్చింది. చేసినాయన పేరు ఏడుకొండలు. చేపల చెరువులకి కాపలా ఉంటాడు, మేత కూడా ఆయనే వేస్తాడు. "సాయిబుగారూ, మా ఆవిడకి ఆయాసం అండి. ఇల్లు పొడిగా లేకపోతే తన మందులు పనిచెయ్యవని ఏలూరులో డాక్టరు గారు చెప్పేశారు. ఒకసారి వచ్చి చూడండి, మీకు పుణ్యం ఉంటది" అన్నాడు. రంగు గురించి కాకుండా మనిషి గురించి మాట్లాడిన పార్టీ నాకు అరుదు. మర్నాడే బయల్దేరాను.

రెండు చెరువుల మధ్య గట్టు మీద ఇల్లు. రెండు గదులు, వంటిల్లు, పైన స్లాబ్. నేను వెళ్ళేసరికి మంచు ఇంకా విడలేదు. ఆయన భార్య మంగతాయారు అరుగు మీద దుప్పటి కప్పుకుని, ఎండ కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. నలభై దాటి ఉండవు. మాట్లాడబోయి, ఊపిరి అందక, చేత్తోనే లోపలికి రమ్మంది.

లోపల గోడలకి లేత నీలం రంగు. మోకాలెత్తు వరకూ పొక్కులు, పెచ్చులు, తెల్లటి పూత. అగ్గిపుల్ల గీస్తే వెలగదు. డబ్బాలో ఉప్పు నీరుకారింది. వడియాలు మెత్తబడి, కుంకుమ గడ్డకట్టి, బీరువాలో చీరలకి బూజు వాసన పట్టింది. ముగ్గురు పెయింటర్లు వచ్చి ముగ్గురూ పుట్టీ పట్టించి వెళ్ళారట. వాళ్ళనేం అంటాం, రోగం ఒకటైతే మందు ఇంకొకటి రాయడం మా వృత్తిలో కొత్త కాదు.

"ఈ ఇంట్లోకి రాకముందు ఆయాసం ఉండేదామ్మా?" అని అడిగాను.

"లేదండి. తట్టలు మోసేదాన్ని, వలలు లాగేదాన్ని. ఇల్లు కట్టుకున్నాం, సుఖపడదాం అనుకున్నాం. సుఖం ఇలా ఉంటదని తెలీదు" అని నవ్వింది. ఆ నవ్వు దగ్గులోకి తిరిగింది.

గది మూల టైల్ ఒకటి లేపించాను. గోడ జబ్బు గోడలో ఉండదు, కాళ్ళ కింద ఉంటుంది. కాంక్రీటు పగలకొట్టి చూస్తే కింద గ్రావెల్ లేదు. నల్లటి బంకమట్టి, నత్తగుల్లలు, చెరువు వాసన. చేత్తో పిసికితే నీళ్ళు వచ్చాయి. పునాది గోడల మధ్య నేల ఎత్తు లేపడానికి నింపే మట్టిని మేము బేస్‌మెంట్ ఫిల్లింగ్ అంటాం. అక్కడ ఎర్ర గ్రావెల్ పోయాలి, లేదా ఇసక పోయాలి. చెరువు అడుగు మట్టి ఎవరూ పోయరు. అది నీళ్ళు వదలదు. పైగా చేపలకి జబ్బు చేసినప్పుడల్లా చెరువులో ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పంతా అడుగు మట్టిలోనే ఉంటుంది.

"ఈ మట్టి ఎవరు పోయమన్నారండీ?" అన్నాను, కాస్త కోపంగానే.

ఏడుకొండలు నా చెయ్యి పట్టుకుని గట్టు మీదకి తీసుకెళ్ళాడు. అక్కడ చెరువు నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్ మోతలో ఆయన మాట ఇంటిదాకా వినిపించదు.

"మా ఇళ్ళల్లో ఒక ఆనవాయితీ ఉందండి. తిండి పెట్టిన చెరువు మట్టి చారెడు తెచ్చి పునాదిలో వేస్తాం. అప్పట్లో గ్రావెల్ లారీ ఈ గట్టెక్కలేదు. పక్క చెరువు ఎండగట్టి పూడిక తీస్తా ఉన్నారు. చారెడు వేస్తే మంచిదైతే, ఇల్లంతా వేస్తే ఇంకా మంచిది కదా అంది మా ఆవిడ. నేను మేత పనిలో ఉంటే, తనే తట్టలతో మోసిందండి. మొత్తం తనే."

ఆయన ఒకసారి ఇంటి వైపు చూసి చేతులు జోడించాడు.

"దండం పెడతాను సాయిబుగారూ, తనకి చెప్పకండి. ఈ జబ్బు తన చేత్తో తనే పోసుకున్నానని తెలిస్తే ఇంక బతకదండి."

నేను వెనక్కి వచ్చి, "చుట్టూ చెరువులు కదమ్మా, ఆ తేమే" అని చెప్పాను. అది అబద్ధమూ కాదు. సగం నిజం. ఆవిడ తల ఊపింది.

పని మొదలుపెట్టాం. సామాను అరుగు మీదకి చేర్చి, టార్పాలిన్ కట్టి, ఆవిడకి అక్కడే మంచం వేశారు. గది తర్వాత గది నేల పగలగొట్టి మట్టి తోడించాను. ఏడుకొండలు పనివాళ్ళ చేత మోయించకుండా ఆ మట్టి తనే గబగబా ఎత్తుకెళ్ళి అవతలి గట్టున పారబోసేవాడు. గట్టు అప్పటికి వెడల్పు చేశారు కాబట్టి, తాడేపల్లిగూడెం వైపు నుంచి ట్రాక్టర్ మీద ఎర్ర గ్రావెల్ తెప్పించాం. దాని మీద పాలిథిన్ షీట్ పరిచి కొత్త కాంక్రీటు వేశాం. నడుమెత్తు వరకూ పాత ప్లాస్టర్ చెక్కేశాం. గోడ అడుగున వరసగా రంధ్రాలు చేసి కెమికల్ ఎక్కించాం. ఇటుకలో చెమ్మ దారి మూసే మందు అది. నాకు తెలిసిన విద్యంతా ఆ రెండు గదుల్లో పెట్టాను.

చలికాలం మాత్రం మా మాట వినలేదు. కొత్త సిమెంటులోనూ నీళ్ళే కదా. ఆరదు. ఏడుకొండలు కుంపట్లో బొగ్గులు రాజేసి గదిలో పెడితే, పొగ ఆవిడకి పడక తీసేశాడు. గోడ మీద అరచెయ్యి ఆనించి, "ఇవాళ కాస్త ఆరినట్టుంది కదండీ?" అని అడిగేవాడు. నేను అవుననేవాడిని. ఎండాకాలం వచ్చాక నిజంగానే ఆరింది. తెల్ల రంగు వేసి ఇచ్చాను. ఫోన్ చేసి, "మా ఆవిడ పప్పు రుబ్బిందండి, వడియాలు పెట్టింది" అని చెప్పాడు. ఆ రోజు నేను మా ఇంట్లో వాళ్ళందరికీ ఆ మాట చెప్పుకున్నాను.

మళ్ళీ చలికాలం వచ్చింది. మళ్ళీ ఫోను. వెళ్ళి చూస్తే పిక్కలెత్తున సన్నగా తెల్లటి గీత. చేత్తో రాస్తే పొడి రాలింది. అయిదారేళ్ళు ఉప్పు తాగిన ఇటుక అది. రెండు వైపులా చెరువులు నిండుగా, ఇంటి పునాదిని తాకేంత ఎత్తున నిలబడి ఉన్నాయి. నేను మార్చింది లోపలి మట్టిని. ఇల్లు నిలబడ్డ గట్టును మార్చలేను. ఇంక చేయగలిగింది ఏమీ లేదని నాకు అర్థమైంది. ఏడుకొండలు నా మొహం చూసి, పాలు తెస్తానని సైకిలెక్కాడు.

మంగతాయారు మంచం మీద దిండ్లకి ఆనుకుని కూర్చుంది. బాగా చిక్కిపోయింది.

"సాయిబుగారూ, అది నేను మోసిన మట్టే కదండీ?"

నేను గోడ వైపు చూశాను.

"తవ్విన రోజే వాసన పట్టేశానండి. నెత్తిన పెట్టుకుని మోసిన మట్టి వాసన నాకు తెలీదా? ఆయన దాన్ని దొంగసొత్తులా ఎత్తుకెళ్ళి పారబోస్తా ఉంటే, మంచం మీంచి చూస్తా కూర్చున్నాను." ఊపిరి కూడదీసుకుని మళ్ళీ అంది. "నాకు తెలుసని ఆయనకి చెప్పకండేం. నాకు తెలీదనే ధైర్యంతోనే తిరుగుతున్నాడు పాపం."

"పెంటపాడులో మీ చెల్లెలు గారున్నారు కదమ్మా. ఈ నాలుగు నెలలూ అక్కడ ఉండొచ్చుగా?"

"మొన్న కొన్నాళ్ళు ఉండి వచ్చానండి. దగ్గు కూడా రాలేదు. ఆయనకి చెరువు వదిలి రావడానికి లేదు. ఇక్కడ వండుకోకుండా, అటుకులు నానబెట్టుకుని తింటన్నాడంట. నేనక్కడ హాయిగా గాలి పీల్చుకుంటా కూర్చుని ఏం చేసుకోనండి?"

తెల్లగీత మీద చీపురుతో ఊడ్చి, సున్నం నీళ్ళు కొట్టి వచ్చేశాను. అది వైద్యం కాదని నాకూ తెలుసు, ఆవిడకీ తెలుసు.

పుష్యమాసం చలిలో ఆవిడ పోయిందని కబురొచ్చింది. నేను వెళ్ళేసరికి అన్నీ అయిపోయాయి. ఏడుకొండలు అరుగు మీద ఆవిడ కూర్చునే చోటు వదిలి, పక్కన కూర్చున్నాడు. నా వైపు తిరిగాడు.

"ఒక్కటే తృప్తి సాయిబుగారూ. ఆ మట్టి సంగతి తెలీకుండానే పోయింది. పాపం, చివరిదాకా చెరువుల తేమే అనుకుంది. ఏమంటారండి?"

"అవునండి, తెలీకుండానే పోయింది" అన్నాను.

ఆయన కండువాతో మొహం కప్పుకుని ఏడ్చాడు. నాకు ఓదార్చడం చేతకాలేదు. ఇన్నేళ్ళు ఇళ్ళు బాగుచేశానని చెప్పుకుని తిరిగినవాణ్ణి, ఆ ఇంటికి నేను చేసిన మరమ్మతు ఆ ఒక్క అబద్ధమే.

ఆ తర్వాత నా పని పద్ధతి మారింది. చెమ్మ అని ఎవరు పిలిచినా గోడ వంక చూడను, బేస్‌మెంట్‌లో ఏ మట్టి పోశారని ముందు అడుగుతాను. కుదరని పని కుదరదని మొదటిరోజే చెప్పేస్తాను. పండగ ముందు అలా చెప్తే జనం తిట్టుకుంటారు, తిట్టుకోనీ. ఆ మట్టి ఎవరు మోశారని మాత్రం ఏ ఇంట్లోనూ అడగను.